పికప్ పెట్టె

మరిది మాలిక్ దుబాయ్ నుంచి తెచ్చిన సామాన్లలో యాస్మిన్‌కు నచ్చనిది ఒక్కటే. పూల దుప్పటి నచ్చింది. అత్తయ్య నసీమున్నీసాకు తెచ్చిన అత్తరు నచ్చింది. పిల్ల హీనాకు తెచ్చిన కీచుకీచుమనే చెప్పులు రెండు రోజుల్లోనే ఇంటిల్లిపాదికీ తలనొప్పి తెప్పించినా, అవీ నచ్చాయి. నచ్చనిదల్లా వాళ్లన్న, అంటే తన మొగుడు, సిలార్‌కని తెచ్చిన ఆ నల్ల పెట్టె.

సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. వెనకాల చిన్న రబ్బరు గిన్నె ఉంది. దాన్ని తడిచేసి కారు ముందద్దానికి నొక్కితే జలగలా పట్టుకుంటుంది. ముందు వైపు ఎర్రటి అంకెలు వెలుగుతాయి.

"దీని పనేంటంటే వదినా, బండి ఆగి ఉన్న కాడ్నుంచి అరవై స్పీడు అందుకునే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూపిద్ది. అంటే బండి పికప్ ఎంతో చెప్పిద్దన్నమాట" అన్నాడు మాలిక్.

"దీని తీగ చక్రానికి ఎక్కడ కడతారు?" అడిగింది యాస్మిన్.

"చక్రానికి కట్టక్కర్లేదు."

"ఇంజనుకా?"

"దేనికీ అక్కర్లేదు వదినా. వెలగడానికి బ్యాటరీ నుంచి ఒక వైరు లాగితే చాలు. మిగతాదంతా దానంతటదే కనిపెట్టుద్ది."

"చక్రాన్ని చూడకుండా, రోడ్డును చూడకుండా, అద్దానికి అతుక్కుని కూర్చున్నదానికి బండి ఎంత ఉరికిందో ఎట్టా తెలిసిద్ది?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కున నవ్వారు. "ఎనిమిదో క్లాసులో బడి మాన్పించి పొరపాటు చేశార్రా దీన్ని. లేకపోతే ఈపాటికి ఇంజనీరై మనందరి ప్రాణాలు తీసేది" అన్నాడు సిలార్.

యాస్మిన్ చంకలో పిల్లను సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. కానీ ఆ అనుమానం మాత్రం పంటి సందులో ఇరుక్కున్న మిరపగింజలా అక్కడే ఉండిపోయింది. నాలుక అటు పోయినప్పుడల్లా మంట.

సిలార్‌ది తెల్ల అంబాసిడర్. డీజిలు బండి. ఒంగోలులో పాతది కొని, మార్టూరు సెంటర్లో కిరాయికి పెట్టుకున్నాడు. స్పీడు చూపించే ముల్లు ఏనాడో చచ్చిపోయింది. దాన్ని బాగు చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఎందుకంటే సిలార్‌కు స్పీడుతో పనే ఉండేది కాదు. జాతీయ రహదారిని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. సగం రోడ్డు తవ్వేసి, మిగిలిన సగంలోనే వచ్చేవాటినీ పోయేవాటినీ వదిలేవారు. గ్రానైటు దిమ్మెలు మోసుకుంటూ లారీలు నత్తల్లా పాకుతుంటే, వాటి వెనక బళ్లు బారులు తీరేవి. ఆ బారులో సిలార్ ఎంతసేపైనా ఉండేవాడు. లారీని దాటాలంటే కిటికీలోంచి తల బయటపెట్టి ఒకసారి చూసేవాడు. లోపలికి తీసుకుని, మళ్లీ పెట్టి చూసేవాడు. "బిస్మిల్లా" అని గొణిగి, అప్పుడు కానీ బండిని పక్కకు తీసేవాడు కాదు. స్టాండులో తోటి డ్రైవర్లు అతన్ని ఎద్దుబండి సిలార్ అనేవారు. ఆ పేరంటే అతనికి ఒళ్లు మండేది. యాస్మిన్‌కు మాత్రం ఆ పేరు వినబడిన రోజు కంటినిండా నిద్ర పట్టేది.

పెట్టె వచ్చాక ఆ తల బయటికి రావడం తగ్గింది.

మొదటి రోజు మాలిక్ పద్ధతిగానే చేశాడు. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, ఖాళీ కారును ఇంటి ముందు చదునుగా ఉన్న చోట ఆపి, గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా పెట్టెను అటూ ఇటూ తిప్పి బిగించాడు. "లెవెల్ కుదిరింది. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని అందరికీ చెప్పాడు. ముఖ్యంగా హీనాకు చెప్పాడు, వేలు చూపించి మరీ. అది ఆ వేలును పట్టుకుని కొరికింది.

ఆ రోజు పెట్టె చూపిన అంకె సిలార్‌కు నచ్చలేదు. చిలకలూరిపేటలో డీజిలు పంపు ట్యూనింగు చేయించుకొచ్చాడు. అంకె కొంచెం తగ్గింది. ఎంత తగ్గితే బండి అంత చురుకైనట్టు. ఈ మధ్యలో, వెనక కూర్చున్నవాళ్లు నడుములు విరిగిపోతున్నాయని గోల పెడుతున్నారని, వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టల్లోంచి అటొకటి ఇటొకటి ఇనప పట్టీ తీయించేశాడు. బండి మెత్తబడింది, ఉయ్యాలలా ఊగుతోందని బేరాలు పెరిగాయి. చిత్రంగా పెట్టెలో అంకె ఇంకాస్త తగ్గింది.

"చూశావా, బరువు తగ్గేసరికి ఎట్టా లేస్తందో!" అన్నాడు సిలార్.

సరే, రెండు ఇనప ముక్కల బరువు తగ్గింది కాబట్టి అనుకుంది యాస్మిన్. ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ ఆ తర్వాతి వారం పొరుగు రైతు పిచ్చయ్య మిర్చి టిక్కీలు, అంటే తొక్కి కుట్టిన గోనె బస్తాలు, డిక్కీలో వేసుకుని చిలకలూరిపేట దాకా వెళ్లొచ్చిన సిలార్, గుమ్మంలోనే చెప్పుల్లోంచి కాళ్లు కూడా తీయకుండా చెప్పిన మాట ఆమెకు మింగుడు పడలేదు.

"ఇయ్యాల అన్నిటికంటే తక్కువ చూపించిందే! డిక్కీ నిండా బరువుంది, పైగా పిచ్చయ్య బాబాయ్ ఉన్నాడు. అయినా జింకలాగా లేచింది బండి!"

"అదేంది? బరువు తగ్గితే లేచిందన్నారు. బరువు పెరిగినా లేచిందంటున్నారు?"

అరుగు మీద టీ తాగుతున్న మాలిక్ అందుకున్నాడు. "వెనకాల బరువుంటే టైరు రోడ్డును గట్టిగా పట్టుద్ది వదినా. గ్రిప్పు. జారదు. అందుకని."

మాలిక్‌తో వచ్చిన చిక్కే అది. అడిగినదానికల్లా అతని దగ్గర జవాబు ఉంటుంది, ఆ జవాబు విన్నప్పుడు సరిగ్గానే ఉంటుంది. తర్వాత గిన్నెలు తోముతుంటే మళ్లీ అనుమానం మొదలవుతుంది. పెట్టె అబద్ధం చెబుతోందా? మాలిక్ అబద్ధం చెబుతున్నాడా? లేక సిలారే తనకు కావలసిన అంకె వచ్చేదాకా పరుగులు తీసి, వచ్చిన అంకెనే ఇంటికి మోసుకొస్తున్నాడా?

"కారు సంగతి నీకెందుకే, కూర చూసుకో" అంది నసీమున్నీసా.

"కారులో నా పిల్ల కూర్చుంటుంది అత్తయ్యా" అంది యాస్మిన్.

హీనాకు టీకా వేయించే రోజు వచ్చింది. పిచ్చయ్య కూడా ఇంకో రెండు టిక్కీలు పేటలో కొట్టుకు దింపాలన్నాడు. ఆయన పొలం వీళ్ల ఇంటి వెనకే. మిరపా పత్తీ వేస్తాడు, ఒంగోలు గిత్తల జత ఒకటి మేపుతాడు, బండలాగుడు పోటీలంటే చెవి కోసుకుంటాడు. ముందు సీట్లో ఆయన, వెనక పిల్లతో యాస్మిన్ కూర్చున్నారు. సగం నిండిన పాలసీసా దొర్లిపోకుండా ఒళ్లో ముందుకూ వెనక్కూ పొడుగ్గా పడుకోబెట్టి పట్టుకుంది.

అద్దంకి అడ్డరోడ్డుకు పోయే బస్సులు ఎదురొచ్చే వేళది. ముందు గ్రానైటు లారీ. సిలార్ తల బయటపెట్టి చూస్తాడేమోనని యాస్మిన్ చూసింది. అతను తల బయట పెట్టలేదు. పెట్టె వైపు చూశాడు. దాని మీద పొద్దున తీసిన అంకె ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంది. దూరంగా బస్సు కనబడుతోంది.

"అంతలోకి దాటేస్తాం" అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

యాక్సిలరేటర్ అదిమాడు. బండి వెనక భాగం కుంగి ముక్కు లేచింది. యాస్మిన్ వీపు సీటుకు అతుక్కుంది. సీసాలో పాలు ఒక్కసారిగా తన వైపు వచ్చేశాయి. ఊపు చూస్తే ఎగిరిపోయేలాగే ఉంది. కానీ కిటికీ పక్క లారీ చక్రాలు వెనక్కి పోవడం లేదు. ముందు చక్రం పక్కనే ఇంకా ఉంది, ఎంతసేపటికీ అక్కడే ఉంది. ఎదురుగా బస్సు మాత్రం పెద్దదవుతోంది. యాస్మిన్ పిల్ల తలను రెండు చేతులతో తన కడుపులోకి అదిమేసింది.

లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. బస్సువాడు తవ్విపోసిన మట్టిలోకి ఒక పక్క దింపాడు కాబట్టి సరిపోయింది. ఇసుక కిటికీలోంచి వచ్చి అందరి నోళ్లలో పడింది.

"ఒరేయ్ సిలారూ! నా గిత్తలకింకా పోటీ ఉందిరా, నన్నిప్పుడే పంపించకు!" అని అరిచాడు పిచ్చయ్య. కాస్త ఊపిరి తిరిగాక "ఏందిరా, జింకలాగా లేచిద్దన్నావుగా?" అన్నాడు.

"బస్సువాడు స్పీడు మీద వచ్చాడు బాబాయ్. మన బండి తప్పు లేదు."

"అవునూ, టిక్కీలేస్తే ఇంకా ఉరుకుద్దన్నావే, అదేమో నాకు అర్థం కాలా. ఇన్నేళ్లనుంచి పోటీలకు గిత్తల్ని తోలుతున్నా. బండ బరువు పెంచితే గబగబా లాగే గిత్తను నేనింతవరకూ చూళ్లా. మీ దుబాయ్‌లో ఉన్నయ్యేమో మరి."

యాస్మిన్ ఆ మాటను కొంగున ముడేసుకుంది. తనొక్కదానికే అనిపించలేదన్నమాట.

ఇంటికొచ్చాక మాత్రం చెప్పేసింది. "ఆ పెట్టె ఉన్నంతకాలం నా పిల్లను ఆ బండి ఎక్కించను."

"బస్సులో పోతావా? బస్సు డ్రైవరు నాకంటే బాగా తోలతాడా?"

"బస్సు డ్రైవరు రోడ్డు చూసి తోలతాడు. మీరు పెట్టె చూసి తోలుతున్నారు."

సిలార్ మొహం నల్లబడింది. ఆ పూట అన్నం తినలేదు. యాస్మిన్‌కూ సయించలేదు. ఎద్దుబండి సిలార్ అనే పేరు పోగొట్టిన పెట్టె అది. స్టాండులో ఇప్పుడు డ్రైవర్లు అతని చుట్టూ చేరి అంకె ఎంతొచ్చిందని అడుగుతున్నారు. దాన్ని తీసేయమనడమంటే ఏం తీసేయమనడమో ఆమెకు తెలియక కాదు. తెలిసే అంది.

శుక్రవారం గుంటూరు పోవాలి. పిల్లకు చెవి కారుతోంది, పెద్ద డాక్టరుకు చూపించాలి. పిచ్చయ్య తన టిక్కీలు అక్కడి మిర్చి యార్డుకు తీసుకెళ్లాలి. గుంటూరు దాకా అంటే, లారీలన్నీ దాటుకుంటూ పోయే దారి అది. యాస్మిన్ బస్సుకు పోతానంది, సిలార్ వల్లకాదన్నాడు. తేలకుండానే పొద్దెక్కింది.

కారు ఇంటి ముందే ఉంది. హీనా ఏడుపు ఆపడం లేదు. హారన్ నొక్కనిస్తే ఊరుకుంటుందని, ఆగి ఉన్న కారే కదా అని, యాస్మిన్ పిల్లనెత్తుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. పాలసీసాను డాష్‌బోర్డు మీద ముందుకూ వెనక్కూ పొడుగ్గా పడుకోబెట్టింది. వెనకాల డిక్కీ ఎత్తి సిలార్, పిచ్చయ్య టిక్కీలు ఎక్కిస్తున్నారు. మాలిక్ అప్పుడే పెట్టెను సిద్ధం చేసి పోయినట్టున్నాడు, సున్నాలు వెలుగుతున్నాయి.

ధబ్‌మని మొదటి టిక్కీ పడింది. బండి ముక్కు లేచింది. సీసాలో పాలు ఆమె వైపు జారాయి. పెట్టెలో సున్నాలు ఉలిక్కిపడినట్టు కదిలి, రెండు మూడు అంకెలు ఉరికి, ఆగిపోయాయి.

యాస్మిన్ హ్యాండ్ బ్రేకు చూసింది. వేసే ఉంది. ఇంజను ఆపే ఉంది.

రెండో టిక్కీ పడింది. పాలు ఇంకొంచెం ఇటు వచ్చాయి. వచ్చి, వెనక్కి పోకుండా అక్కడే నిలబడ్డాయి.

ఆమె పాలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు రోడ్డు మీద సిలార్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పాలు వచ్చింది ఇటే. ఇప్పుడు బండి కదలకుండా, ఒట్టినే ముక్కు లేచినా వచ్చింది ఇటే. కళ్లు మూసుకుని సీసా ఒక్కదాన్నే చూడమంటే, బండి ఉరికిందో, ముక్కెత్తి నిలబడిందో ఎవరు చెప్పగలరు? పెట్టెకు చక్రం తెలియదు, రోడ్డు తెలియదు. దాని కడుపులో కూడా ఇలాంటి పాలేవో ఉండి ఉంటాయి.

తప్పయితే మళ్లీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

"ఏవండీ, జాకీ తెచ్చి ముందు బంపరు కింద పెట్టండి."

"పంచరు లేదుగా, ఎందుకు?"

"పెట్టండి. మాలిక్, నువ్వు పెట్టెను మళ్లీ సున్నాకు తెచ్చి ఇక్కడ నిలబడు."

"ఏందొదినా, టైమైతుంది…"

"ఒరేయ్, ఆడపిల్ల నోరు తెరిచి అడుగుతుంటే పెట్టరా! జాకీ ఏవన్నా అరిగిపోద్దా?" అన్నాడు పిచ్చయ్య, తువ్వాలుతో మిరపఘాటు తుడుచుకుంటూ. ఆయనకు ఏదో పోటీ జరగబోతున్న వాసన తగిలింది.

యాస్మిన్ పిల్లతో సహా దిగింది. సిలార్ విసుక్కుంటూనే వెనక చక్రాలకు రాళ్లడ్డం పెట్టి, జాకీ పెట్టి, తిప్పడం మొదలెట్టాడు. బంపరు లేచింది. ఇంకా లేచింది. ముందు చక్రాలు నేల వదిలాయి. బండి కింద నిద్రపోతున్న కోడి ఒకటి తిట్టుకుంటూ బయటికి పోయింది.

"ఆగన్నా" అన్నాడు మాలిక్ కిటికీలోంచి. "ఇది… మొదలైంది."

ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. సిలార్ జాకీ వదిలేసి వచ్చి తల దూర్చాడు. పిచ్చయ్య ఇంకో కిటికీలోంచి తల దూర్చాడు. మూడు తలలు, ఒక పెట్టె. అంకెలు పోతూనే ఉన్నాయి. కాసేపటికి పెట్టె కీచుమంది.

"ఏమంది?" అడిగింది యాస్మిన్. ఆమెకు అటు చూసే ధైర్యం లేదు.

"అరవై అందుకుందంట" అన్నాడు మాలిక్ నెమ్మదిగా.

పిచ్చయ్య నడుం మీద చెయ్యేసుకుని, వేపచెట్టు వైపూ కోళ్లగూడు వైపూ తీరిగ్గా చూశాడు. "సిలారూ, చిలకలూరిపేట దాటామంటావా? గుంటూరొస్తే చెప్పరా, టిక్కీలు దింపుకుంటా."

ఎవరూ నవ్వలేదు. ఆయనే కాసేపు నవ్వుకుని ఊరుకున్నాడు.

"దుబాయ్‌లో అన్నీ కొత్త బళ్లన్నా" అన్నాడు మాలిక్. "స్ప్రింగులు గట్టిగా ఉంటయ్, ముక్కు లేవదు. రోడ్లు అద్దంలా ఉంటయ్. అక్కడ సరిగ్గానే చూపించేది, ఒట్టు. బరువు మారినప్పుడల్లా లెవెల్ చూసుకోమని దాంతో వచ్చిన కాగితంలో ఉంది. ఒకసారి చూశాం కదా అనుకున్నా."

సిలార్ వినడం లేదు. వెనక్కి వెళ్లి, కుంగిన డిక్కీ కింద వంగి, కమాన్ కట్టల్ని చేత్తో తడుముతున్నాడు. తీయించేసిన పట్టీల జాగా ఖాళీగా ఉంది.

"పట్టీలు తీసినందుకా?" అన్నాడు. "వెనక కూలబడుతుంటే అది ఉరుకుతున్నాననుకుందా? టిక్కీలేస్తే ఇంకా కూలబడి…" లేచి యాస్మిన్ వైపు చూశాడు. "అంటే నా బండికి అసలు పికప్పే పెరగలా?"

ఆ అడిగిన తీరుకు ఆమెకు గెలిచానని అనిపించలేదు. బొమ్మ విరిగితే హీనా కూడా అలాగే చూస్తుంది.

"పెరిగిందో లేదో ఆ పెట్టెకు తెలియదు. నేను చెప్పేది అంతే" అంది.

సిలార్ జాకీ దించి, లోపలికి వంగి, రబ్బరు గిన్నె అంచు కింద గోరు దూర్చి లాగాడు. పెట్టె టప్‌మని ఊడొచ్చింది. మాలిక్ చెయ్యి చాపాడు. సిలార్ అతనికివ్వలేదు. తెచ్చి యాస్మిన్ చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే మళ్లీ పెడతా."

ఆ మాటకు ఆమెకు ధైర్యం రావాలి. రాలేదు. పెట్టెను పిల్ల బట్టల సంచిలో అడుక్కి తోసి, పైన తువ్వాలు కప్పి, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కారెక్కింది.

మార్టూరు దాటగానే లారీ తగిలింది. దాని మీద ఇంటి గోడంత గ్రానైటు దిమ్మె. సిలార్ వేగం తగ్గించాడు. అతని కళ్లు అద్దం మీదికి పోయాయి. పెట్టె ఉన్న చోట రబ్బరు గిన్నె గుండ్రటి మచ్చ ఒకటి మిగిలింది. ఆ మచ్చను చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. యాస్మిన్ అది చూసింది. చూసినట్టు తెలియనివ్వలేదు.

వెనకాల జీపువాడు హారన్ మోత మోగిస్తున్నాడు.

సిలార్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. చూశాడు. లోపలికి తీసుకున్నాడు. ఎదురుగా బస్సు వచ్చి, గాలితో కారును ఊపేసి వెళ్లిపోయింది. మళ్లీ తల బయట పెట్టాడు.

యాస్మిన్ సీసా మూత బిగించి, పిల్లను దగ్గరికి లాక్కుని, అతని నోటి నుంచి బిస్మిల్లా అనే ఆ ఒక్క మాట ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించి కూర్చుంది. మాట ఇంకా రాలేదు. బండి లారీ వెనకే పోతోంది.